గుడ్డ డైపర్ల ఉతుకు, బట్టలో మిగిలే సబ్బు

పసిబిడ్డ మలమూత్రాలను పీల్చుకొని, ఉతికి ఆరేశాక మళ్లీ వాడుకోడానికి వీలయ్యే గుడ్డను గుడ్డ డైపర్ అంటారు. పాత నూలు చీరనో పంచెనో చింపి నాలుగు మడతలు వేసి కట్టే లంగోటీ దీని పాత రూపం. బయట పాలియురెథేన్ పూత ఉన్న తొడుగు, లోపల నూలుతోనో వెదురు విస్కోసుతోనో మైక్రోఫైబర్‌తోనో కుట్టిన మెత్త, నడుము దగ్గర ప్రెస్ గుండీలు ఉన్నది నేటి రూపం. ఏ రూపమైనా దీని ఉతుకులో రెండు పనులున్నాయి: మురికిని వదిలించడం, ఆ మురికిని వదిలించిన సబ్బును వదిలించడం. చొక్కాలో కాస్త సబ్బు మిగిలితే ఎవరికీ తెలియదు. డైపర్ గుడ్డ మందంగా ఉంటుంది, గంటల తరబడి తడిగా లేత చర్మానికి అంటుకొని ఉంటుంది, పైగా తడిని పీల్చడమే దాని పని. అందుకే ఇక్కడ ఏ కొంచెం మిగిలినా బయటపడుతుంది.

ఉతికిన గుడ్డ బిరుసెక్కినా, ఘాటు వాసన వేసినా, నీటిని పీల్చకపోయినా ఇంట్లో అందరూ సర్ఫు ఎక్కువైందనే అంటారు. చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. సర్ఫు తగ్గించుకుంటూ పోతే కొన్ని గుడ్డలు బాగుపడతాయి, కొన్ని ఇంకా పాడవుతాయి. బట్టలో మిగిలింది ఏమిటో తేల్చుకున్నాకే దాన్ని వదిలించే దారి దొరుకుతుంది.

మిగిలేది ఏమిటి

సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం తగిలితే అది నీటిలో కరగని తెట్టుగా మారుతుంది. బకెట్ అంచున జిడ్డుగా తెల్లటి వలయం కట్టేది అదే. గుడ్డ పోగుల మధ్య చిక్కుకున్న తెట్టును ఎన్నిసార్లు జాడించినా మామూలు నీరు కదిలించలేదు. డిటర్జెంట్ పొడుల్లో ఉండేది సబ్బు కాదు, ఎక్కువగా ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేటు జాతి పదార్థం. ఇది కఠినజలంలో సబ్బులాగా తెట్టు కట్టదు. 1959లో హిందుస్థాన్ లీవర్ సర్ఫ్‌ను భారతదేశంలోకి తెచ్చింది, 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మాను మొదలుపెట్టాడు. బోరునీళ్లతో ఉతికే ఇళ్లకు ఈ పొడుల వల్ల కలిగిన మేలు నిజమైనది. అయితే పొడిలో క్షారం కోసం సోడా కూడా ఉంటుంది. అది కఠినజలంలోని కాల్షియంతో కలిసి సున్నపురాయి పొడిలాంటి కార్బొనేటుగా పోగుల మీద పేరుకుంటుంది. ఎండలో ఆరిన తుండు అట్టముక్కలా నిలబడటానికి ఒక కారణం ఇదే.

ఉతుకు బిళ్లల సంగతి వేరుగా చెప్పాలి. వాటిలో డిటర్జెంట్‌తోపాటు సున్నపురాయి పొడి, తెల్లబంకమన్ను వంటి పూరకాలు ఉంటాయి. పలచటి జాకెట్టు మీద రుద్దితే అవి సులువుగా కొట్టుకుపోతాయి. ఆరేడు పొరల డైపర్ మీద రుద్దితే లోపలి పొరల్లో కూర్చుంటాయి. గుడ్డ డైపర్లకు బిళ్లకన్నా ముందుగా గోరువెచ్చటి నీటిలో కరిగించుకున్న పొడి గాని, ద్రవం గాని మేలు.

ఇక తెలుగు ఇళ్లలో తప్పక గుర్తుంచుకోవలసింది నూనె. బిడ్డకు రోజూ ఒళ్లంతా పట్టించే నువ్వులనూనె, కొబ్బరినూనె, ఒరిపిడికి పూసే జింకు లేపనం, పెట్రోలియం జెల్లీ గుడ్డలోకి దిగుతాయి. మైక్రోఫైబర్ వంటి కృత్రిమ పోగులు నూనెను గట్టిగా పట్టుకుంటాయి. ఆరిన గుడ్డ మీద ఒక నీటిచుక్క వేసి చూస్తే అది ఇంకకుండా గుండ్రంగా నిలబడుతుంది. అలాంటి గుడ్డకు కావలసింది తక్కువ సర్ఫు కాదు; వేడినీళ్లు, సరిపడా సర్ఫు. కొత్త నూలు గుడ్డ కూడా మొదట్లో నీటిని ఇలాగే తోసేస్తుంది. ప్రత్తి పోగు మీద పుట్టుకతో ఉండే మైనం దానికి కారణం, నాలుగైదు ఉతుకులకు అది పోతుంది.

ఘాటుగా ముక్కుకు తగిలే వాసన మాత్రం సబ్బుది కానే కాదు. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా విడగొట్టగా వచ్చే అమోనియా అది. ఉతికి ఆరేసిన గుడ్డ మళ్లీ తడవగానే ఆ వాసన వస్తే గుడ్డ లోపల మురికి మిగిలిందని అర్థం. సబ్బు మిగులుతుందన్న భయంతో చిటికెడు పొడితో ఉతికే ఇళ్లలో ఈ బాధ ఎక్కువ.

నీటి కాఠిన్యం

తాగునీటికి భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం కాల్షియం కార్బొనేటు లెక్కన లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేనిచోట 600 వరకు ఒప్పుకుంటారు. రాయలసీమలోను తెలంగాణలోను చాలా బోర్ల నీళ్లు మొదటి హద్దును దాటేవే. హైదరాబాదు అపార్టుమెంట్లలో ఒకే ఇంట్లో ఒక రోజు కుళాయిలో కృష్ణా, గోదావరి నీళ్లు వస్తాయి, మరో రోజు బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో వస్తాయి. నిన్న బాగా పనిచేసిన కొలత ఇవాళ పనిచేయకపోవడానికి ఇదే కారణం. పప్పు ఎంతకీ ఉడకకపోవడం, గీజరు కడ్డీకి తెల్లటి పొర పట్టడం, సబ్బు నురగ రాకపోవడం కఠినజలానికి ఇంట్లోనే కనిపించే గుర్తులు.

దీని ప్రభావాన్ని లెక్కకట్టవచ్చు. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్లలో ప్రతి లీటరూ దాదాపు 1.8 గ్రాముల సోడియం స్టియరేటు సబ్బును తెట్టుగా మార్చగలదు. 20 లీటర్ల బకెట్‌కు అది 36 గ్రాములు దాటుతుంది. అంటే మురికి మీద పని మొదలుపెట్టకముందే అంత సబ్బు ఖర్చవుతుంది, దాదాపు అంతే బరువు తెట్టు బకెట్‌లో తేలుతుంది. అదే నీటికి నిర్జల చాకలి సోడా 6 గ్రాముల పైచిలుకు వేస్తే కాఠిన్యం చాలావరకు అడుగుకు దిగుతుంది. నీళ్లలో సోడా ముందు కలిపి, కాసేపు తేరనిచ్చి, పై నీటిని వాడుకోవాలి. గుడ్డలతోపాటే వేస్తే దిగిన సున్నం గుడ్డల్లోకే చేరుతుంది. నీటిలో ఉన్నది బైకార్బొనేటు కాఠిన్యమైతే మరగబెట్టినా తగ్గుతుంది. కుంకుడుకాయ నురగలోని సపోనిన్లు కాల్షియంతో తెట్టు కట్టవు. పట్టుబట్టకు అవి శ్రేష్ఠమే గాని, మలం అంటిన మందపాటి గుడ్డకు చాలవు.

జాడింపు లెక్క

గుడ్డలను పిండిన తరువాత వాటిలో 1 లీటరు సబ్బునీరు నిలిచి ఉందని, జాడించడానికి 18 లీటర్ల నీళ్లే ఉన్నాయని అనుకుందాం. మొత్తం నీటిలో ఒకేసారి జాడించి పిండితే సబ్బులో పంతొమ్మిదో వంతు, అంటే నూటికి 5 పాళ్లు మిగులుతుంది. అదే నీటిని 6 లీటర్ల చొప్పున మూడుసార్లు వాడితే మిగిలేది 343వ వంతు, నూటికి 0.3 పాళ్లు మాత్రమే. ఇంకా గట్టిగా పిండి గుడ్డల్లో అర లీటరే ఉండేలా చేస్తే మూడు జాడింపుల తరువాత మిగిలేది 2,197వ వంతు. పోగులను పట్టుకొని ఉండే కొద్దిపాటి పదార్థం ఈ లెక్కకు లొంగదన్న మాట నిజమే. అయినా వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంటికి ఇంతకన్నా పనికొచ్చే సంగతి లేదు. నీళ్లు ఎక్కువ పోయడం కన్నా మధ్యమధ్య గట్టిగా పిండటం ముఖ్యం. సెమీ ఆటోమేటిక్ యంత్రంలో పక్కనుండే స్పిన్ తొట్టి ఈ పనిని చేతులకన్నా బాగా చేస్తుంది. ప్రతి జాడింపుకూ ముందు ఒకసారి స్పిన్ తిప్పితే చాలు.

జాడించే నీటిలో నురగ కనిపించగానే సబ్బు మిగిలిందని అనుకోనక్కరలేదు. యంత్రం గిలకొట్టినప్పుడు ఉత్త నీటిలోనూ బుడగలు లేస్తాయి, అవి వెంటనే పగిలిపోతాయి. నిమిషాల పాటు నిలిచే సన్నటి తెల్లని నురగే సబ్బుకు గుర్తు. ముందు తలుపు ఉన్న యంత్రాల్లో పొడి ఎక్కువైతే మరో చిక్కు ఉంది. నురగ పరుపులా అడ్డుపడి గుడ్డలు ఒకదాన్నొకటి రాసుకోకుండా చేస్తుంది, దాంతో మురికీ పోదు, సబ్బూ పోదు.

చాకిరేవు

తరతరాలుగా తెలుగు పల్లెల్లో ఈ పనంతా రజకుల చేతుల మీదుగా నడిచింది. బట్టలను చౌటిమట్టి కలిపిన నీళ్లలో తడిపి, బాన మీద పేర్చి ఆవిరి పట్టించి, రేవుకు మోసుకెళ్లి బండ మీద బాది జాడించేవారు. చౌడులో ఉండేది ముఖ్యంగా సోడియం కార్బొనేటు, అంటే చాకలి సోడాయే. ఆవిరి వేడికి క్రిములు చచ్చేవి, నూనె కరిగేది, పారే నీటిలో జాడింపుకు అంతు ఉండేది కాదు. మురికి, క్షారం రెండూ పోయే పద్ధతిగా దీనికి ఈనాటికీ పెద్దగా వంక పెట్టలేం. పురుడు వచ్చిన ఇంటి మైలబట్టలు ఉతకడం చాకలి స్త్రీల మీద కులం మోపిన పని. కల్లం దగ్గర కొలిచిన గింజలే దానికి ప్రతిఫలం. అందులో ఉన్న నేర్పుకు దక్కవలసిన గౌరవం దక్కలేదు.

ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తులు పెట్టడం ఆ వృత్తిలో ఒక భాగం. ఆ రసం కొందరి చర్మానికి పడదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో భారతదేశంలో పనిచేసిన అమెరికా సైనికులకు గుర్తు తగిలిన చోట వచ్చిన దద్దుర్లకు ఈ రసమే కారణమని 1943లో వైద్యులు ప్రకటించారు.

ఉతికే క్రమం

మలాన్ని ముందుగా చన్నీళ్లతో వదిలించాలి. వేడినీళ్లు మొదటే పోస్తే అందులోని ప్రొటీను గడ్డకట్టి పోగులకు పట్టేస్తుంది. తడిసిన గుడ్డలను మూత వేసిన బకెట్ నీళ్లలో రెండు మూడు రోజులు నాననివ్వడం అమోనియాను పెంచడమే. వీలైతే ఏ రోజువి ఆ రోజే చన్నీళ్లలో జాడించి పిండి పక్కన పెట్టాలి. అసలు ఉతుకు 40 నుంచి 60 డిగ్రీల నీటిలో, నీటి కాఠిన్యానికి తగిన పూర్తి కొలత పొడితో జరగాలి. బిడ్డకు విరేచనాలు గాని, శిలీంధ్రపు పొక్కులు గాని ఉంటే 60 డిగ్రీలే మంచిది. నూలు గుడ్డలను మరగబెట్టవచ్చు. పూత ఉన్న తొడుగులను మరగబెడితే పూత ఊడుతుంది, ఎలాస్టిక్ సాగిపోతుంది.

మెత్తదనం కోసం అమ్మే సువాసన ద్రవాలు పోగుల మీద జిడ్డు పొర వేసి గుడ్డ పీల్చే శక్తిని తగ్గిస్తాయి. క్రిమినాశిని కలిపిన నీటిలో ఆఖరుసారి ముంచి అలాగే ఆరేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ మందు గుడ్డలోనే ఉండిపోయి బిడ్డ చర్మానికి తగులుతుంది కాబట్టి అది మానుకోవాలి. సున్నం పేరుకున్న గుడ్డలకు ఆఖరు జాడింపుకు ముందు బకెట్ నీటిలో కాస్త వెనిగర్ కలిపితే బిరుసు తగ్గుతుంది. కానీ వెనిగర్‌ను క్లోరిన్ బ్లీచుతో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. మూత్రంతో తడిసిన గుడ్డ మీద నేరుగా బ్లీచు పోసినా అమోనియాతో కలిసి క్లోరమిన్లు వస్తాయి.

ఆరేయడానికి ఎండను మించింది లేదు. తల్లిపాలు తాగే బిడ్డ గుడ్డ మీద మిగిలే పసుపు మరకలో బిలిరుబిన్ ఉంటుంది. వెలుతురు దాన్ని విడగొడుతుంది. పచ్చకామెర్ల పసికందును నీలికాంతి కింద పడుకోబెట్టడంలో ఉన్న సూత్రమూ ఇదే. గుడ్డ డైపర్లను ఉతికి ఆరేసే తీరును బట్టే పర్యావరణం మీద భారం ఎంతో తేలుతుంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వేసిన లెక్కలో, రెండున్నరేళ్ల వాడకానికి పారేసే డైపర్ల వల్ల 550 కిలోల, సగటు తీరులో ఉతికే గుడ్డ డైపర్ల వల్ల 570 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన వాయువులు వెలువడ్డాయి. విద్యుత్తుతో ఆరబెట్టకుండా దండెం మీద ఆరేసి, నిండు యంత్రంగా ఉతికి, అవే గుడ్డలను రెండో బిడ్డకూ వాడితే గుడ్డ డైపర్ల అంకె బాగా కిందికి దిగింది. తెలుగు నేల మీద దండెం ఎలాగూ ఉన్నదే.

చర్మానికి చేసే హాని

డైపర్ కట్టిన చోట చర్మం ఎర్రబడటానికి కారణం ఏమిటన్న ప్రశ్నకు జవాబు శతాబ్దంలో రెండుసార్లు మారింది. 1921లో అమెరికా వైద్యుడు కుక్, మలంలోని ఒక బ్యాక్టీరియా మూత్రం నుంచి అమోనియా పుట్టిస్తుందని, ఆ అమోనియాయే చర్మాన్ని కాలుస్తుందని చెప్పాడు. 1977లో లేడెన్, ఆయన సహచరులు ఒరిపిడి ఉన్న బిడ్డలను, లేని బిడ్డలను పోల్చి చూస్తే అమోనియాలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 1986 నాటికి బకింగ్‌హామ్, బెర్గ్ పరిశోధనలతో అసలు తీరు తేటపడింది. మూత్రం క్షారగుణాన్ని పెంచుతుంది, దాంతో మలంలోని ప్రొటీన్లనూ కొవ్వులనూ జీర్ణం చేసే ఎంజైములు చురుకై నానిన చర్మాన్ని తినేస్తాయి. సబ్బు మిగులు ఈ కథలో ఎక్కడ తగులుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆరోగ్యవంతమైన చర్మం కొద్దిగా ఆమ్లంగా, పి.హెచ్. 5.5 దరిదాపుల్లో ఉంటుంది. సబ్బు, సోడా రెండూ క్షారాలే. గుడ్డలో మిగిలితే అవీ ఆ ఎంజైములకే తోడ్పడతాయి. ఎరుపు మడతల లోపలికి పాకి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తే అది తరచుగా క్యాండిడా శిలీంధ్రం. ఉతుకు మార్చినంత మాత్రాన తగ్గదు, పిల్లల వైద్యుడికి చూపించాలి.

సబ్బుకన్నా ప్రమాదకరమైన మిగుళ్లు వైద్య చరిత్రలో నమోదయ్యాయి. 1886లో ఇంగ్లండులో కొత్త గుడ్డల మీద అనిలిన్ సిరాతో వేసిన ముద్రలు చర్మం గుండా ఒంట్లోకి ఎక్కి నవజాత శిశువులు నీలిరంగుకు తిరిగారు. ముద్ర వేసిన గుడ్డను ఉతికాకే వాడాలన్న నియమానికి ఆధారం ఇలాంటి ఘటనలే. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక చిన్న ఆసుపత్రి శిశువులు విపరీతమైన చెమటలతో, ఊపిరాడక జబ్బుపడ్డారు. ఇద్దరు చనిపోయారు. లాండ్రీలో ఆఖరు జాడింపు నీటికి బూజు పట్టకుండా కలిపిన మందులోని సోడియం పెంటాక్లోరోఫినేటు గుడ్డల్లో ఉండిపోవడమే కారణమని తేలింది.

మన ఇళ్లలో దీనికి సాటి వచ్చేది కలరా ఉండ. నాఫ్తలీన్ ఉండలు వేసిన పెట్టెలో దాచిన పొత్తిగుడ్డలను, దుప్పట్లను తీసి అలాగే చుట్టడం వల్ల జి6పిడి ఎంజైము లోపం ఉన్న శిశువుల్లో ఎర్ర రక్తకణాలు చిట్లి, తీవ్రమైన కామెర్లు వచ్చిన సందర్భాలు అనేక దేశాల్లో ఉన్నాయి. నాఫ్తలీన్ నూనెలో కరుగుతుంది కాబట్టి ఒంటికి నూనె రాసిన బిడ్డకు ముప్పు ఎక్కువ. పెద్ద బిడ్డ గుడ్డలు చిన్న బిడ్డకు దాచేటప్పుడు పెట్టెలో కలరా ఉండలకు బదులు ఎండిన వేపాకు పరవాలి. ఉండలతో ఇప్పటికే దాచినవైతే వాసన పూర్తిగా పోయేదాకా ఉతికి, ఎండలో ఆరేసి, ఆ తరువాతే బిడ్డకు కట్టాలి.