విడాకుల తీర్పులో తప్పు దొర్లిందా? ఎక్కడికి వెళ్లాలి, గడువు ఎంత?

విడాకుల కేసులో తీర్పు వచ్చాక అందులో తప్పు కనిపిస్తే చాలామంది వెంటనే హైకోర్టు అంటారు. కానీ అన్ని తప్పులకూ అప్పీల్ అక్కర్లేదు. ముందుగా తప్పు ఏ రకమో తేల్చుకోవాలి. హిందూ వివాహ చట్టం కింద వచ్చిన తీర్పుల విషయంలో రూల్స్ ఇవీ..

పేరు, తేదీ, లెక్క తప్పితే: తీర్పు ఇచ్చిన కోర్టులోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152 కింద పిటిషన్ వేస్తే చాలు. దీనికి గడువంటూ లేదు.

సమన్లు అందకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తే: ఆర్డర్ 9 రూల్ 13 కింద అదే కోర్టును ఆశ్రయించాలి. డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లోగా వెళ్లాలి.

తీర్పే తప్పనిపిస్తే: సాక్ష్యాలను సరిగ్గా చూడలేదని, చట్టాన్ని తప్పుగా అన్వయించారని అనుకుంటే హైకోర్టులో అప్పీల్ వేయాలి. ఫ్యామిలీ కోర్టు తీర్పుపై అప్పీల్‌ను కనీసం ఇద్దరు జడ్జీల ధర్మాసనం వింటుంది. కింది కోర్టులో చూపించని సాక్ష్యాలను ఇక్కడ కొత్తగా పెడతామంటే సాధారణంగా ఒప్పుకోరు. అప్పీల్ వేసినంత మాత్రాన తీర్పు ఆగిపోదు, స్టే విడిగా అడగాలి. అప్పటిదాకా భరణం కట్టాల్సిందే.

30 రోజులా, 90 రోజులా?: ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 19 ప్రకారం 30 రోజులు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 28లో మాత్రం 90 రోజులని ఉంది. 90 రోజులే వర్తిస్తుందని 2016లో బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. అయినా 30 రోజుల్లోపే వేసేయడం సేఫ్. సర్టిఫైడ్ కాపీ ఇవ్వడానికి కోర్టుకు పట్టిన రోజులను గడువులో లెక్కించరు. అందుకే తీర్పు వచ్చిన రోజే కాపీకి అప్లై చేయడం మంచిది.

గడువు దాటితే?: ఆలస్యానికి తగిన కారణం చూపించి మన్నించమని కోరొచ్చు. కానీ అసలు చిక్కు వేరే ఉంది. అప్పీల్ పడకుండా గడువు ముగిస్తే, సెక్షన్ 15 ప్రకారం అవతలివాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. ఆ తర్వాత ఎంత పోరాడినా పరిస్థితి మునుపటిలా ఉండదు.

అప్పీల్ లేనిది దీనికే: పరస్పర అంగీకారంతో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన విడాకులపై అప్పీల్‌కు వీల్లేదు. అందుకే సంతకం పెట్టేముందే ప్రతి షరతూ చదువుకోవాలి.

ఇక తీర్పు తర్వాత ఆదాయం, పరిస్థితులు మారితే అది తీర్పులో తప్పు కాదు. శాశ్వత భరణం మార్చమని సెక్షన్ 25 కింద అదే కోర్టును కోరొచ్చు.