కోళ్లలో కాళ్ల బలహీనత
కోడి నిలవలేక చతికిలబడటం లక్షణమే తప్ప జబ్బు పేరు కాదు. ముందు అది కూర్చున్న తీరు చూడాలి. ఒక కాలు ముందుకు, ఇంకోటి వెనక్కి చాపితే మారెక్స్ వ్యాధిని అనుమానించాలి. దీనికి మందు లేదు, పిల్ల పుట్టిన రోజునే టీకా వేయించాలి. పిల్లల కాలివేళ్లు లోపలికి ముడుచుకుంటే బి2 విటమిన్ లోపం కావచ్చు. పెంకు పలచబడి పెట్ట కూలబడితే కాల్షియం చాలడం లేదేమో చూడాలి. మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చ విరేచనాలు కొక్కెర తెగులు గుర్తులు. ముత్తుకూరు లాంటి తీర గ్రామాల్లో పెరటి కోళ్లు కలిసి మేస్తే ఒక్కదానికి సోకినా గుంపంతటికీ ముప్పే. జుట్టు, తమ్మెలు నీలంగా మారి వరుసగా చనిపోతుంటే అది బర్డ్ ఫ్లూ కావచ్చు, కోసి చూడటం ప్రమాదం. వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో కోళ్లు చనిపోయినప్పుడు, భోపాల్ ప్రయోగశాల పరీక్షలోనే బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది.