వరియన్నం – గుండె: ఉత్తర సర్కారుల బెరిబెరి

విజయవాడ–మచిలీపట్నం మార్గంలోని పామర్రు ప్రాంతానికి వరియన్నమే ప్రధానాహారం. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడ వరిసాగు విస్తరించింది. ఈ తీరసీమ ఒకనాటి ఉత్తర సర్కారుల్లో భాగం. ఆ సర్కారులను పీడించిన బెరిబెరి వ్యాధిపై వైద్యుడు జె.జి. మాల్కంసన్ 1835లోనే మద్రాసులో గ్రంథం ప్రచురించారు. దాని కారణం 20వ శతాబ్దిలో స్పష్టమైంది. మరపట్టి పాలిష్ చేసిన పచ్చిబియ్యంలో తవుడుతోపాటు థయమిన్ పోతుంది. పిండిపదార్థం నుండి దేహానికి శక్తి అందాలంటే థయమిన్ తప్పనిసరి. అది కొరవడినప్పుడు కొందరికి గుండె బలహీనపడి కాళ్లు వాస్తాయి. మరికొందరికి నరాలు దెబ్బతింటాయి.

ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఈ వ్యాధి అరుదు. వడ్లను ఉడికించినప్పుడు థయమిన్ గింజలోనికి చేరడమే అందుకు కారణం. పచ్చిబియ్యమే తిన్నా, పప్పుధాన్యాలు తగినంత తినేవారికి ఆ లోటు కొంత తీరేది. ఒట్టి అన్నంతో కడుపు నింపుకొనే పేదలకు తీరేది కాదు. కనుక ఒకే ధాన్యం అందరి దేహాల్లో ఒకే ఫలితమివ్వదు. అన్నాన్ని నిందించడానికి ముందు, కంచంలో దాని పక్కన ఏముందో చూడవలసి ఉంది.