కోతల కాలమున కందని బడి

మాఘ ఫాల్గుణ మాసములలో చీమకుర్తి నుండి ఒంగోలు మీదుగా గుంటూరునకు పోవు బాటసారికి రెండు దృశ్యములు కంటబడక మానవు. ఒకటి, కల్లములలో ఎండబోసిన మిరపకాయల ఎఱుపు; రెండవది, తెల్లవాఱకముందే కూలీలను క్రిక్కిఱియ నింపుకొని చేలవైపునకు సాగు ఆటోలు, ట్రాక్టరులు. ఆ బండ్లలో తల్లుల ప్రక్కన తలగుడ్డ చుట్టుకొని కూర్చున్న పదేండ్ల పిల్లలను నేను చిన్ననాటినుండియు చూచుచునే యున్నాను. పత్తి ఒక్కమాఱుగా విచ్చునది కాదు. కార్తికము మొదలు పలుమార్లు తీయవలసియుండును. ఆ తీతలు ముగియకముందే మిరప పండును. మిరపకోతలు ముమ్మరమైన దినములే బడిలో పరీక్షలకు సిద్ధపడవలసిన దినములు. మా మెట్టపొలముల నాట పిల్లవాని చదువు చెడినది బుద్ధిలేక కాదు, పంతులు లేక కాదు. పంచాంగములో చదువునకు నెలలు మిగులక చెడినది. వసతి పాఠశాల చరిత్రను ఎవరు వ్రాసినను భవనములతోను, స్థాపకుల పేర్లతోను మొదలిడుదురు గాని, ఈ సీమవాడు వ్రాయవలసివచ్చినచో ఈ నెలలతోనే మొదలిడవలయును.

గడచిన మాఘమున ఒక ఆదివారమునాడు తాడికొండ గురుకుల పాఠశాలను చూడబోయితిని. గుంటూరునకు అనతిదూరమున, ఒకప్పుడు పత్తికిని మిరపకును మాత్రమే పేరుపడి నేడు రాజధాని ప్రాంతమునకు ఇరుగుపొరుగైన నల్లరేగడి నేలలో నున్నది ఆ గ్రామము. ప్రసిద్ధ విద్యాలయమనగానే బురుజులను, గడియార స్తంభములను ఊహించుకొని పోవువారికి అచట ఆశాభంగమే కలుగును. వేపచెట్ల నీడ, పొడవైన వసారాలు, వాని వెంబడి గదులు, గదులలో గోడవారగా వరుసదీరిన ఇనుప ట్రంకుపెట్టెలు. నేను ఆ పెట్టెలయొద్దనే చాలసేపు నిలిచితిని. గురుకులమున చదివిన యేవానిని కదలించినను మొదట చెప్పునది ఆ పెట్టెనుగుఱించియే. ప్రవేశమునకు వచ్చిననాడు తండ్రి దానిని భుజముపై మోసికొని వచ్చును. మూతపై తెల్లరంగుతో పేరు వ్రాయించును. లోపల రెండుజతల బట్టలు, దుప్పటి, సబ్బుబిళ్ల, అమ్మ కట్టియిచ్చిన గోంగూర పచ్చడి సీసా. తాళపుచెవి మెడలోని దారమునకు వ్రేలాడును. ఇల్లంతయు ఆ పెట్టెలో ఇమిడి, పిల్లవానితోపాటు బడికి వచ్చినదన్నమాట.

ఈ పాఠశాల పుట్టుక ఒక్క పరిపాలకుని సంకల్పముతో ముడివడియున్నది. పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1971 సెప్టెంబరు 30వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవిని స్వీకరించి, రెండుమాసములైన నిండకమునుపే, నవంబరు 23న నాటి నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున తొలి గురుకుల విద్యాలయమును ప్రారంభించిరి. సర్వోదయ నాయకులు మద్ది నారాయణరెడ్డిగారు దానికి భూమి నొసంగిరి. మఱుసటి సంవత్సరము, 1972లో, కోస్తాప్రాంతమునకు తాడికొండయు, రాయలసీమకు నాటి అనంతపురము జిల్లాలోని కొడిగెనహళ్ళియు ఏర్పడినవి. నరసింహారావుగారు అంతకుముందు విద్యామంత్రిగా నుండినవారు. బాల్యమున ఇల్లు విడిచి బంధువుల యింట నుండి చదువుకొన్నవారు. ఊరిలో బడి చాలనపుడు పిల్లవాడు పరాయి యింటి అరుగుపై ఎట్లు పెరుగునో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

అట్లు పరాయి యింట పెరిగి చదువుట మన నాట మిక్కిలి పాత ఆచారము. వేదపాఠశాలలోని బ్రాహ్మణ బాలుడు వారములు చేసికొని, అనగా ఏడు దినములకు ఏడిండ్ల భోజనము కుదుర్చుకొని, చదువు ముగించెడివాడు. ఆ దాతల ఔదార్యము గొప్పదే. అయినను అది ఒక కులము గడప దాటియెఱుగదు. ఒంగోలునకు సమీపమున వినోదరాయునిపాలెమున 1872లో జన్మించిన టంగుటూరి ప్రకాశముగారిని, తండ్రి పోయిన పిమ్మట, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి చదివించిరి. అన్యులకు వండి వడ్డించిన చేతులు ఒక ముఖ్యమంత్రిని పెంచినవి. ఆయన శతజయంతి సంవత్సరమైన 1972లోనే మా జిల్లాకు ఆయన పేరు వచ్చినది, తాడికొండలో గురుకులమును వెలసినది. ఈ రెండును కాకతాళీయముగా కలిసినవే గాని, నాకు మాత్రము వానిని విడదీసి తలచుకొనుటకు మనసొప్పదు.

వారములు దొరకనివారికి, పూటకూళ్ళకు పైకము లేనివారికి మొదట తలుపు తెఱచినది క్రైస్తవ మిషనులని ఒప్పుకొనక తప్పదు. 1866లో ఒంగోలునకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌగారు, వారి సహచరులు, అనుచరులు, అంతవఱకు బడిగడప త్రొక్కనీయని మాదిగ పల్లెల పిల్లలకు అన్నముపెట్టి అక్షరములు నేర్పిరి. నేటికిని మా ప్రాంతపు క్రైస్తవ కుటుంబములలో వృద్ధులు ‘బోర్డింగులో చదివినాను’ అని చెప్పుకొందురు; ఆ యొక్క మాటలో ఆకలిదీరిన కాలము, విడిచివచ్చిన పల్లె, నేర్చిన పాట అన్నియు కలిసి పలుకును. స్త్రీల విషయమున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరున స్థాపించిన శారదానికేతనము చిరస్మరణీయము. బాలికలు ఇల్లు విడిచి చదువుటయే అపచారముగా నెంచబడిన దినములలో, ‘మాలపల్లి’ నవలాకారుడును ఆయన ధర్మపత్నియు వారికి విద్యతోపాటు చేతిపనులను నేర్పి తమ కాళ్లపై నిలువజేసిరి. తాడికొండకు పూర్వులను వెదకువారు ఈ యిద్దఱియొద్దకు రావలయును గాని, దేశాంతరములకు పోనక్కఱలేదు.

దేశాంతరముల మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పెదను. ఇంగ్లండులో ఈటన్ విద్యాలయమును ఆఱవ హెన్రీ రాజు 1440లో స్థాపించినపుడు డెబ్బదిమంది పేదవిద్యార్థులకు ఉచితముగా చదువు చెప్పుటకే ఉద్దేశించెను. కాలక్రమమున అది ప్రభువుల పిల్లలకు నెలవై, ‘పబ్లిక్ స్కూలు’ అను పదము పేదవాడు ప్రవేశింపజాలని బడికి పేరైనది. మన హైదరాబాదులో గతి వేఱు. ఏడవ నిజాము కాలమున 1923లో జాగీర్దారుల పిల్లలకై బేగంపేటలో నెలకొల్పిన కళాశాల, జాగీర్దారీ రద్దయిన పిమ్మట, 1951లో హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మాఱినది. అచట పేదలనుండి ధనికులకు, ఇచట జాగీరుదారులనుండి రుసుము చెల్లింపగల ఇతరులకు. తాడికొండ మాత్రము మొదటినుండియు పల్లెపిల్లవాని కొఱకే పుట్టినది. అర్ధశతాబ్దము గడచినను నేటికిని వానిదే. ఇంతటి ప్రతిష్ఠ గడించియు యజమానులు మాఱని విద్యాలయములు అరుదు. దీనిని నేను సామాన్య విషయముగా భావింపను.

మధ్యాహ్నము భోజనశాలలో పిల్లలతోపాటు కూర్చుంటిని. అన్నము, సాంబారు, వంకాయకూర. రుచినిగుఱించి పిల్లలకు ఫిర్యాదులున్నవి. ఏ కాలపు విద్యార్థులకు లేవు? నేను చూచినది పంక్తిని. మా యూళ్లలో, నా బాల్యమున, పెండ్లివిందులలో సయితము ఎవరి పంక్తి వారిదే. టీ దుకాణములలో గ్లాసులు వేఱుగా నుండెడివి. ఇచట ఒకే పంక్తి, ఒకే గరిటె, తిన్న పళ్ళెమును ఎవరికి వారే కడుగుకొనుట. ఈ పంక్తిలో అయిదాఱేండ్లు కూర్చుండి లేచినవాడు ఊరికి మరలి పోయినపుడు పాత గ్లాసును ముట్టుకొనజాలడు. ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడినపుడు సర్వేలు, తాడికొండ, కొడిగెనహళ్ళి పేర్లు పత్రికలలో మాఱుమ్రోగెడి దినములు నాకు జ్ఞాపకమే. అయినను ఆ ర్యాంకులకంటె ఈ పంక్తియే పెద్దదని నా నమ్మకము.

ఒక్క కొఱత నన్ను కలచివైచుచునే యున్నది. పోటీపరీక్షలో నెగ్గినవానికే ఈ ద్వారము తెఱచును. నెగ్గనివాడు మరల ఆ ట్రాక్టరే యెక్కును. వానిలో తెలివి లేదని ఆ పరీక్ష నిరూపించినట్లు కాదు. వానికి ముందే నెలలు కఱవైనవని మాత్రమే అది చెప్పుచున్నది. ఈ లోపమును తీర్చుటకే కాబోలు, 1980వ దశకమున సాంఘిక సంక్షేమ గురుకులములు వెలసినవి. అట్టి గురుకులములో చదివిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పదునాలుగేండ్లైనను నిండకుండ, ఎవరెస్టు శిఖరము నధిరోహించినది. ఆమెతో ఆ శిఖరము చేరిన ఆనందకుమార్ సయితము గురుకుల విద్యార్థియే. నరసింహారావుగారు కేంద్రమున మానవవనరుల మంత్రియైన పిమ్మట సర్వేలు బీజమునే దేశమంతట చల్లిరి. 1986 విద్యావిధానముతో ఊపందుకొన్న నవోదయ విద్యాలయములు నేడు 650కి పైబడినవి; వానిలో నూటికి డెబ్బదియైదు స్థానములు గ్రామీణ బాలబాలికలవే. మా ఒంగోలులో ఒకటి, గుంటూరు సీమకు మద్దిరాలలో ఒకటి కలవు. తొమ్మిదవ తరగతిలో కొందఱు పిల్లలను ఒక యేడు అన్యభాషాప్రాంతమునకు పంపి, అచటివారిని ఇచటికి రప్పించు పద్ధతి వానికి ప్రత్యేకము. మెట్టచేల అంచు దాటని తల్లికి హిందీలో మాటలాడు కొడుకు వేసవి సెలవులకు ఇల్లుచేరుట, మా జిల్లాకు కొత్త సంగతియే.

పొద్దు వాలుచుండగా వెలుపలికి వచ్చితిని. అది తల్లిదండ్రులు పిల్లలను చూడవచ్చు ఆదివారము. వేపచెట్ల క్రింద చాపలు పఱచుకొని, కుటుంబములు కుటుంబములుగా క్యారియరులు విప్పుకొని, కొసరి కొసరి తినిపించుచున్నారు. ప్రహరీగోడ చెంత ఆఱవ తరగతి బాలుడొకడు ఒంటరిగా నిలిచి గేటువైపు చూచుచుండెను. మీవాళ్లు రాలేదా నాయనా అని అడిగితిని.

“రాలేదు తాతయ్యా. కాయకోతలు గదా, కూలికెళ్ళకపోతే మళ్ళీ పిలవరంట. కోతలైపోయినాక వస్తానంది అమ్మ.”

మెడలోని తాళపుచెవిని వ్రేలితో త్రిప్పుచు, ఇంకెన్నాళ్ళకు కోతలగును అని వాడు నన్నడిగెను. ఈ యేడు కాయ విరగకాసినది, ఇంకొక నెల పట్టునని చెప్పితిని. వాడు తల యూపి, చదువుగంట మ్రోగుటతో పుస్తకము తెచ్చుకొనుటకు లోనికి పరుగిడెను.