సైలీషియా తగవు చందుర్తి పొలాల దాకా

పిఠాపురం దగ్గర చందుర్తి అనే ఊరుంది. 1758 డిసెంబరు 9న ఆ ఊరి పొలాల్లో ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఫిరంగులతో తలపడ్డారు. ఆ ఊరివాళ్లకు ఈ రెండు దేశాలతోనూ ఏ తగాదా లేదు. మరి ఈ పరాయి సైన్యాలు ఇక్కడికెందుకు వచ్చాయని వెనక్కి వెతుక్కుంటూ పోతే ఓడర్ నదీతీరంలోని సైలీషియా దగ్గర తేలుతాం.

1740 అక్టోబరులో ఆస్ట్రియా ఏలిక ఆరో చార్లెస్ మగసంతానం లేకుండా కన్నుమూశాడు. కూతురు మరియా థెరీసాకు అప్పటికి 23 ఏళ్లు. రాజ్యం ఆమెకే దక్కేలా చూస్తామని యూరప్ రాజుల దగ్గర తండ్రి బతికుండగానే మాట తీసుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సైలీషియాలోకి సైన్యాన్ని నడిపించాడు. నార బట్టల నేతకు పేరుపడ్డ, పన్నుల రాబడి దండిగా ఉన్న సీమ అది. ఎనిమిదేళ్ల పోరు ముగిసి 1748లో సంధి కుదిరినా సైలీషియా అతని చేతిలోనే ఉండిపోయింది. మరియా థెరీసా ఆ దెబ్బను మరిచిపోలేదు. 1756 నుంచి 1763 దాకా సాగి, చందుర్తి వరకూ పాకిన ఏడేళ్ల యుద్ధానికి అసలు విత్తు ఇదేనని నా నమ్మకం.

రెండో వేరు అమెరికాలో ఉంది. 1754 మే నెలలో, ఒహాయో నది ప్రాంతం ఎవరిదన్న తగవులో, 22 ఏళ్ల జార్జ్ వాషింగ్టన్ దళం ఒక ఫ్రెంచి దళం మీద కాల్పులు జరిపింది. వలసల కోసం ఇంగ్లండు, ఫ్రాన్సు పోటీ అక్కడ రాజుకుంది. 1756 వచ్చేసరికి పాత చుట్టరికాలన్నీ తారుమారయ్యాయి. ఇంగ్లండు ప్రష్యాతో చేతులు కలిపింది. ఆస్ట్రియా మంత్రి కౌనిట్జ్ ఏళ్ల తరబడి పాటుపడి, తరాల శత్రువైన ఫ్రాన్సును తమ వైపు తిప్పుకున్నాడు. చుట్టూ శత్రువులు కూడుతున్నారని గ్రహించిన ఫ్రెడరిక్ ఆగస్టు 29న తానే ముందుగా సాక్సనీ మీద పడ్డాడు.

1757లో రాస్‌బాక్‌లో ఫ్రెంచివాళ్లనూ, సరిగ్గా నెలకు లాయ్‌తెన్‌లో ఆస్ట్రియన్లనూ ఓడించాడు. 1759 ఆగస్టులో కునర్స్‌డార్ఫ్ దగ్గర అతని సేన చెల్లాచెదురైంది. 48 వేల మందిలో 3 వేల మంది కూడా మిగల్లేదని ఆ రాత్రే మంత్రికి రాశాడు. 1762 జనవరిలో రష్యా మహారాణి ఎలిజబెత్ చనిపోయి, ఫ్రెడరిక్ అంటే ప్రాణమిచ్చే మూడో పీటర్ గద్దెనెక్కాడు. రష్యా యుద్ధం మానుకోవడంతో ప్రష్యా గండం గట్టెక్కింది.

ఇక మన తీరం. ఉత్తర సర్కారులు 1753 నుంచి ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి. 1758లో ఫ్రెంచి గవర్నర్ లాలీ పిలుపు మీద ఇక్కడి ఫ్రెంచి సేనాని బుస్సీ దక్షిణాదికి తరలిపోయాడు. అదను చూసి విజయనగరం ఆనంద గజపతిరాజు విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్లకు కబురంపాడు. బెంగాల్‌లోని ఇంగ్లీషు గవర్నర్ క్లైవ్ అక్కడి నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. చందుర్తి దగ్గర ఫోర్డ్ తెల్ల సైనికులు నిలువెత్తు పైరు చాటున కనపడకుండా పోయారు. పక్కన ఎర్రకోట్లు తొడుక్కున్న బెంగాల్ సిపాయిలను చూసి, తెల్లవాళ్లు వీళ్లేనని ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ బలమంతా అటు మళ్లించాడు. పైరు వెనక నుంచి అసలు దళం లేచి కాల్పులు మొదలుపెట్టేసరికి అతని పంక్తులు విచ్చిపోయాయి.

కాన్‌ఫ్లాన్స్ మచిలీపట్నం కోటలో దూరాడు. ఫోర్డ్ దగ్గర డబ్బు లేదు, మందుగుండు అడుగంటింది, వెనక నుంచి ఫ్రెంచివాళ్ల మిత్రుడైన హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ సేన వస్తోంది. 1759 ఏప్రిల్ 7 రాత్రి బురదనేలల మీదుగా కోట మీద పడ్డాడు. తెల్లారేసరికి పట్టుబడ్డ బందీలు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువమంది. మరుసటి నెలలో సలాబత్ జంగ్ మచిలీపట్నాన్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు.

1763 ఫిబ్రవరిలో పారిస్‌లో, ఆ వెంటనే హుబర్టస్‌బర్గ్‌లో సంధిపత్రాల మీద సంతకాలయ్యాయి. యూరప్‌లో సరిహద్దులు మునుపటిలాగే ఉన్నాయి. సైలీషియా ఫ్రెడరిక్ దగ్గరే ఉంది. మన సర్కారులను మాత్రం 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తన పేరిట రాయించుకుంది.