ఆవిరికి తోడు ద్రావణి

భూగర్భమందలి చమురంతయు నీటివలె పారదు. కొన్నిచోట్ల తారువలె చిక్కనై ఇసుకను అంటియుండును. పేరిన నెయ్యివలె, వేడి తగిలినగాని కదలదు.

1959లో వెనెజులాలోని మెనె గ్రాండె క్షేత్రమున షెల్ కంపెనీవారు లోనికి పంపిన ఆవిరి నేలను చీల్చుకొని పైకి వచ్చెను. ఒత్తిడి తగ్గించుటకై బావులను తెరవగా చమురు ధారాళముగా వెలువడెను! ఆవిరి పంపిన బావినుండియే చమురు తీయు పద్ధతి అట్లు దొరకినది.

1978లో కెనడాలోని కోల్డ్ లేక్ వద్ద, రోజర్ బట్లర్ యోచనననుసరించి చమురుపొరలో అడ్డముగా బావి తొలిచిరి. పైనుండి పంపిన ఆవిరికి కరగిన చమురు తన బరువుచేతనే అందులోనికి జారెను.

కాని ఆవిరికి నీరు, ఇంధనము విశేషముగా వ్యయమగును. అందుచే 2002లో ఇంపీరియల్ ఆయిల్ సంస్థ అచ్చటనే ఆవిరితో తేలికపాటి హైడ్రోకార్బనులను కలిపి పరీక్షించెను. ఇట్టి ద్రావణి చమురులో కలిసి దానిని మరింత పలుచన చేయును. అయితే ద్రావణి ఖరీదైనది; భూమిలో చిక్కినంత నష్టమే. కావున వచ్చిన చమురుతోపాటు, తిరిగి దక్కిన ద్రావణినిగూడ లెక్కించిననే లాభము తేలును.