డూప్విట్రెన్ సంకోచం: ఫలించని శస్త్రచికిత్స తర్వాతి నొప్పి

అరచేతి చర్మం కింది పొర గట్టిపడి, తాళ్లలా బిగుసుకుని, ఎక్కువగా ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ లోపలికి లాగేసే జబ్బు ఇది. 1831లో పారిస్‌లో దీనికి శస్త్రచికిత్స చేసి వివరించిన గియోమ్ డూప్విట్రెన్ పేరు దీనికి స్థిరపడింది. ఉత్తర ఐరోపా మూలాలున్నవారిలో ఎక్కువ. మన దేశంలో అరుదు. జబ్బు సాధారణంగా నొప్పి పెట్టదు. కాబట్టి ఆపరేషన్ తర్వాత వేలు మళ్లీ వంగి, పైగా చెయ్యి సలుపుతుంటే, ఆ నొప్పిని పాత జబ్బు ఖాతాలో వేసి ఊరుకోకూడదు. దెబ్బతిన్న నరం చివర ఏర్పడిన గడ్డ కావచ్చు, బిగిసిన మచ్చ కావచ్చు, చెయ్యి వాచి చొక్కా అంచు తగిలినా మంటపుట్టే సంక్లిష్ట ప్రాంతీయ నొప్పి రుగ్మత కావచ్చు. కారణాన్ని విడిగా వెతకాలి.

తాడు తిరిగొచ్చింది గనుక మళ్లీ కోస్తే సరి అనేవారున్నారు. కొందరికి అది నిజంగానే మేలు చేస్తుంది. కానీ మచ్చకట్టిన చోట నరాలు, రక్తనాళాలు అతుక్కుపోయి ఉంటాయి; రెండోసారి అవి తెగే ముప్పు ఎక్కువ. పైగా ఏళ్ల తరబడి వంగివున్న నడిమి కణుపు తానే బిగిసిపోతుంది, తాడు తీసినా పూర్తిగా చాచుకోదు. నరాల నొప్పికి మందులు, చేతి థెరపీ, లావుపిడి చెంచా, గుండీలు పెట్టే కొక్కెం కూడా చికిత్సే. మొహం కడుక్కుంటుంటే వేలు కంట్లో పొడుచుకునే మనిషికి వేలి వంపు ఎన్ని డిగ్రీలన్న కొలతకన్నా చేత్తో జరిగే పనే ముఖ్యం. చివరి మార్గంగా వేలు తీసేసినా నొప్పి పోతుందన్న హామీ లేదు. ఆ మాట రోగికి ముందే చెప్పి తీరాలి.